కదలకుండ కూసోవెట్టిన మనిషి

ఫోటువాయన పోయిండట. బాన్సువాడ మిల్లుల గోనెసంచులు కుడుతున్న, చేతుల దబ్బనం ఉన్నది, గప్పుడే లారీ డ్రైవర్ వచ్చి చెప్పిండు. "అక్కా, గా పొడుగు కెమెరాయన లేడా, కోటగిరి దిక్కు క్యాంపాయన, నిద్రలనే పోయిండంట" అన్నడు. నా నోట్లెకెళ్లి ఏమొచ్చిందో ఎరికేనా? "కదలకుండనే పోయిండా?" అన్న. డ్రైవర్ నన్ను పిస్సదాన్ని జూసినట్టు జూసిండు. ఆయనకేం తెల్సు? గా మనిషి జిందగీ అంత చేసిన పనే అది, కదలకుండ ఉండుడు. పక్కకున్నోళ్లను గూడ కదలనియ్యకపోవుడు.

నాకు సంతకం వెట్టుడు తప్ప రాయరాదు. నేను చెప్తున్న, నా బిడ్డ రాస్తున్నది. నడుమల నడుమల "అమ్మా, గది వద్దే" అంటది. "రాయే, నీకెందుకు" అంటున్న. ఆయన పేరు మాత్రం రాయొద్దన్న. ఫోటో కింద పేరు ఏస్తమని పేపరోళ్లు అడిగితే ఆయన వద్దనేటోడు. "బొమ్మ బాగుంటే పేరెందుకు, బాగోకపోతే అసలు బొమ్మే ఎందుకు" అనేటోడు. గందుకే నేను గూడ చెప్ప.

క్యాంపోళ్లంటే ఎవరనుకున్నరు? నిజాంసాగర్ కాలువ నీళ్లను జూసి ఆంధ్ర దిక్కుకెళ్లి వచ్చి, పొలాలు కొనుక్కొని ఈడనే ఉండిపోయినోళ్లు. ఆయన తాత వచ్చిండంట. ఈయన ఈడనే పుట్టిండు, ఈడి నీళ్లే తాగిండు, అయినా నోట్లె ఆ మాట పోలే. నన్ను "చెల్లెమ్మా" అని పిలుస్తుండె. పొలం తమ్మునికి ఇడిసిపెట్టి కెమెరా ఏసుకొని తిరుగుతుండె. సన్నగ, ఎండిన కట్టె లెక్క ఉంటుండె. కెమెరాకు ముందట మోచెయ్యి పొడుగు గొట్టం. మనిషిని జూస్తే కెమెరానే ఆయనను మోసుకపోతున్నదా అనిపిస్తుండె.

ఊగేది ఏది జూసినా ఆయనకు పడకపోతుండె. బస్టాండ్ కాడి చాయ్ హోటల్ల బల్ల జెర్ర ఊగితే కూసోడు. అగ్గిపెట్టె అట్ట మడిచి బల్లకాలు కింద వెట్టి, అరచేత్తోని ఒత్తి జూసి, మల్ల ఇంకో దిక్కు ఒత్తి జూసి, గప్పుడు కూసుంటుండె. హోటలాయన "సారూ, బల్లకేమన్న పెండ్లి సూపులా?" అని ఎక్కిరిస్తుండె. ఈయన చాయ్ ఊదుకుంట తాగుతుండె.

ఆటోల పోతే ఇంకో తమాష. కెమెరాను పసిపిల్లను వెట్టుకున్నట్టు ఒళ్లె వెట్టుకునేటోడు. గుంత వచ్చిందంటే సీటు మీదికెళ్లి సగం లేసి గాలిల ఉంటుండె, కుదుపు తన కాళ్లకే తాకాలె, కెమెరాకు తాకొద్దని. ఒకపారి పక్కన కూసున్న ముసలమ్మ జూసి జూసి "అయ్యా, మొలలున్నయా బిడ్డా?" అని అడిగింది. "లేదమ్మా, అద్దాలున్నాయి" అన్నడు ఈయన. ఆటోల ఉన్నోళ్లమంత పొట్టలు పట్టుకున్నం. ఆయనొక్కడే నవ్వలే. ఆ నవ్వుకు ఆటో ఊగుతుందని ఫికర్ వడ్డడు.

నాకు ఆయన ఎట్ల తెల్సంటే, సంచితోని తెల్సు. ఒకనాడు మిల్లుకు వచ్చి, "చెల్లెమ్మా, దిండంత సంచి ఒకటి కుట్టి, అందులో వడ్లు పోసి పెడతావా?" అన్నడు. దిండంత సంచిల వడ్లేంది, ఈయనకు నడుం నొప్పేమో అనుకున్న. సంచి కుట్టుడు నాకు చెప్పాల్నా? వడ్లు పోసి, కుదేసి, మల్ల పోసి, మూతి గట్టిగ గుంజి కుట్టిన. మిల్లుల మంచి సంచి అంటే గదే, ఏలు గుచ్చితే దిగొద్దు. ఇగో అని ఇచ్చిన. ఆయన దాన్ని అరుగు మీద వెట్టి కెమెరా గొట్టం దాని మీద పండవెట్టిండు. గొట్టం ఇటు జారె, అటు జారె.

"ఇది సంచి కాదమ్మా, బండరాయి" అన్నడు.

నాకు కోపమొచ్చింది. "నేను కుట్టిన సంచికి ఇంతవరకు ఎవ్వరు పేరు వెట్టలే" అన్న. ఆయన సంచి మూతి ఇప్పి, మూడొంతుల్ల ఒక వంతు వడ్లు తీసి నా చాటల పోసిండు. మల్ల కుట్టుమన్నడు. సంచి ఎలితి ఎలితిగ, ముసలోని బుగ్గ లెక్క అయింది. దాని మీద గొట్టం వెడితే, అబ్బ, కోడి గుడ్ల మీద సదురుకొని కూసున్నట్టు కూసున్నది. ఎంత లోపటికి దిగిందో అంత గట్టిగ పట్టుకున్నది.

"రా, చూడు" అన్నడు. నేను కన్ను పెట్టిన. కాలువ అవుతలి గట్టు, నడిచిపోవాలంటే మస్తు దూరం, అది వచ్చి నా ముక్కు కాడ నిలవడ్డది! కొంగ ఒకటి ఉన్నది. దాని కన్ను కనవడ్తున్నది, కంటి సుట్టు పసుపు గీత కనవడ్తున్నది. సంతోషం ఆగక కిసుక్కుమని నవ్విన. అంతే, కొంగ మాయం.

"అన్నా, కొంగ ఎగిరిపోయింది!"

"కొంగ ఎగరలేదమ్మా, నువ్వు నవ్వావు" అన్నడు.

మల్ల జూస్తే కొంగ ఆడనే ఉన్నది. గప్పుడు చెప్పిండు: "ఇది దూరాన్నొక్కదాన్నే దగ్గరికి తేదు చెల్లెమ్మా. మన వణుకుని కూడా తెచ్చి కళ్ల ముందు పెడుతుంది." నాకు ఎంటనే సమజైంది. చింతకాయ దులిపే పొడుగు కట్టె లేదా? కింద మన మణికట్టు జెర్రంత తిరిగితే, మీద కొస ఒక కొమ్మ ఇడిసి ఇంకో కొమ్మకు పోతది. గదే ముచ్చట. నేను గట్ల అంటే ఆయన "అంతే, అంతే" అని రెండుసార్లు అన్నడు. ఎట్ల పట్టాల్నో సూపెట్టిండు. ఎడమ చెయ్యి కిందికెళ్లి కాదు, గొట్టం మీదికెళ్లి ఒత్తిపట్టాలె. దవడ కెమెరాకు ఆనియ్యాలె. ఊపిరి బిగవట్టొద్దు, బిగవడితే గుండె కొట్టుకునుడు చేతులకు వస్తది. సగం ఇడిసి, ఆడ ఆపాలె. బటన్ గట్టిగ ఒత్తొద్దు, లేగదూడ మూతి ముట్టినట్టు ముట్టాలె.

ఆ సంచి కథ ఇంకా ఉన్నది. వానకాలంల బండి మీద మరిసిపోయిండంట. తడిసింది. ఆరవెట్టలే. ఒకనాడు పొద్దుగాల మిల్లు ముందట నిలవడి "చెల్లెమ్మా, నీ సంచి మొలిచింది" అన్నడు. సూద్దుము గద, గోనె సందులకెళ్లి పచ్చగ మొలకలు! హమాలోళ్లు ఎగవడి నవ్విరి. "సారూ, ఇగ నాటేసుకో," "సారూ, ఎరువు సల్లినవా?" అని. నాకు సిగ్గనిపించింది. అవి పచ్చివడ్లు, తడిస్తే మొలవయా? మా మిల్లుల ఉప్పుడు బియ్యానికి ఉడకవెట్టి ఆరవోసిన వడ్లు ఉంటయి, అవి ఎంత నానినా మొలవయి. అవి పోసి కుట్టిచ్చిన. గప్పటిసంది మా ఇంటికి వచ్చిపోవుడు షురూ అయింది.

ఇగ అసలు ముచ్చట చెప్త.

మా ఆయన పయిల్వాన్. మద్నూర్, జుక్కల్ దిక్కు ఊర్లల్ల జాతరలైతే కుస్తీలు వెడ్తరు, మహారాష్ట్రకెళ్లి గూడ జోడీలొస్తరు. పొద్దుగాల చిన్న కుస్తీలు, గెల్సినోనికి కొబ్బరికాయ. ఆఖరుకు పెద్ద కుస్తీ, గెల్సినోనికి ఎండి కడెం. మా ఆయన జిందగీ అంత కొబ్బరికాయలే గెల్సిండు. మా ఇంట్ల ఏ కూర జూడు, కొబ్బరే. పచ్చడి జూడు, కొబ్బరే. "ఒక్క కడెం తేవయ్యా, కొబ్బరి తిని నోరు సప్పగయింది" అని నేను ఎక్కిరిస్తుంటి. "తెస్తనే, ఆగరాదు" అంటుండె. తేకుండనే పోయిండు, పాణం బాగలేక.

నా బిడ్డ వాళ్ల నాయన కుస్తీ నేర్పే తాలీంలనే మన్ను పూసుకున్నది. ఇప్పుడు ఆడపిల్లలకు గూడ కుస్తీలు వెడుతున్నరు, వాళ్లకు గూడ ఆఖరుకు ఎండి కడెం. దీనికి ఆ కడెం ఒక్కటే పట్టుకున్నది. నాకు గూడ. మా ఇంటికి ఒక్క కడెం రావాలె, గంతే. దీని మించి నాకు దేవున్ని అడగబుద్ధి కాలే.

జాతరల ఫోటువాయన బరి కాడికి పోడు. మిగతా ఫోటోలోళ్లంత బరి అంచుకు ఉరుకుతరు, సెల్లులు లేపుకొని. ఈయన దూరంగ మా బావ ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి, పక్కపలక మీద సంచి వెట్టి, దాని మీద గొట్టం వెట్టి కూసుంటుండె. "దగ్గరికి పోరాదన్నా?" అంటే ఏమన్నడు: "దగ్గరికి పోతే వాళ్లు కెమెరా కోసం పోట్లాడతారు. దూరంగా ఉంటే కుస్తీ కోసం పోట్లాడతారు." ఇంజన్ నడుస్తుంటే ఒప్పుకోడు. "బావగారూ, బంద్ చెయ్యండి, మీ ట్రాక్టర్‌కి చలిజ్వరం వచ్చింది" అంటుండె. ట్రాలీ మీద చెరుకు నములుకుంట కూసున్నోళ్లను దించేటోడు. నమిలితే గూడ ఊగుతదంట!

ఆ ట్రాలీ ఎనుక తలుపుకు గొళ్లెం ఊసిపోయింది. ఎవరన్న జరిగితే గడగడమంటది. "చెల్లెమ్మా, ఆ తలుపు నీది" అన్నడు. నేను ట్రాలీల బాసింపట్టు ఏసుకొని రెండు చేతుల్తోని తలుపు పట్టుకున్న. పక్కపలక మీదికెళ్లి బరి కనవడ్తున్నది. ఆడ నా కడుపుల పుట్టిన పిల్ల కడెం కుస్తీకి తొడ సరుస్తున్నది. ఈడ నేను పోశమ్మ రాయి లెక్క కూసోవాలె!

ఎదురుంగ మరాఠీ పిల్ల. దొడ్డుగ, గట్టిగ ఉన్నది. మా పిల్ల కంటే చెయ్యంత ఎత్తు. పట్టు పట్టిరి. ఇటు లాగె, అటు లాగె. మరాఠోళ్లు "ఊఠ్ పోరీ, ఊఠ్!" అని, లే పిల్లా లే అని అరుస్తున్నరు. మావోళ్లు ఈలలు. నా కాళ్లల్ల చీమలు పాకుతున్నయి. లేవాలె, అరవాలె, దుంకాలె. నేను ఇట్ల జెర్ర లేవంగనే ఆయన కన్ను తియ్యకుండనే అన్నడు, "నువ్వు కదిలితే నీ కూతురు కదిలిపోద్ది." కొంగు నోట్లె కుక్కుకున్న. పండ్లతోని కొరుకుతున్న. ఇంతల నా బిడ్డ దాని నడుం దొరకవట్టి ఒక్క ఎత్తుడు ఎత్తింది! ఇద్దరు తిరిగి పడ్డరు, దుమ్ము లేసింది, నా బిడ్డ మీద ఉన్నది, ఆ పిల్ల కింద ఉన్నది! టక టక టక మని కెమెరా. కుస్తీ తీర్పు చెప్పే పెద్దమనిషి వచ్చి నా బిడ్డ చెయ్యి లేపిండు. గప్పుడు ఇడిసిన తలుపు. గప్పుడు దుంకిన.

ఆ సంబరం ఎంతసేపు? కడెం ఇంకా పళ్లెంలనే ఉన్నది, మరాఠోళ్లు బరిల దిగి "పాఠ్ లాగ్లీ! పాఠ్ లాగ్లీ!" అని లొల్లి. అంటే వీపు తాకిందని; ఎవరి వీపు ముందుగాల మట్టికి తాకితే వాళ్లు ఓడినట్టు. తిరిగి పడేటప్పుడు మా పిల్ల వీపే ముందుగాల మట్టికి తాకిందంట, ఆ తర్వాతనే మీదికి వచ్చిందంట. మావోళ్లు తాకలేదని. వాళ్లు తాకిందని. లొల్లి నూకులాటకు వచ్చింది. పెద్దమనిషి మొత్తుకొని చెప్పిండు, "ఆగుండ్రి! పొడుగు కెమెరాయనను పిలువుండ్రి, ఆయన ఏం సూపెడితే అది."

అందరికంటే ముందుగాల మా బావ ఉరికొచ్చిండు, మా ఆయన అన్న. ట్రాలీ మీదికి తలకాయ వెట్టి మెల్లగ, "సారూ, ఫోటో ఊగిందను. మంచిగ రాలేదను. రాత్రికి మా ఇంట్ల నాటుకోడి" అన్నడు.

ఆయన కెమెరా ఎనుక చిన్న అద్దంల జూస్తుండు. తల ఎత్తలే. "ఇన్నేళ్లు కదలకుండా కూర్చున్నది ఇవాళ కదిలిందని చెప్పటానికా బావగారూ?" అన్నడు. నా దిక్కు సూడకుండనే ట్రాలీ దిగి పోయిండు.

పెద్దమనిషి జూసిండు. మరాఠీ ఉస్తాద్ జూసిండు. నా బిడ్డ జూసింది. ఫోటో అంత సాఫ్ ఉన్నది. నా బిడ్డ రెండు భుజాలు ఎర్రమట్టికి అంటుకొని ఉన్నయి, నడుమ ఎంట్రుక పట్టేంత సందు లేదు. ఆ పిల్ల వీపు ఇంకా గాలిలనే ఉన్నది. చెంప మీది మట్టిరవ్వలు గూడ లెక్కవెట్టచ్చు. కడెం అవుతలి పిల్ల చేతికి పోయింది.

గిక్కడ నా బిడ్డ రాసుడు ఆపింది. "అమ్మా, ఇది రాయాల్నా?" అంటున్నది. రాయే. రాస్తేనే ఆ మనిషి ఎట్లాంటోడో తెలుస్తది.

నేను ఆయన మీదికి ఉరికిన. "ఊరంత ఊగుతుంటే నువ్వొక్కనివి జెర్ర ఊగితే ఏం పోయేదన్నా? అంత సాఫ్ ఎట్లొచ్చింది?" అని అడిగిన. ఆయన సంచి సంకల వెట్టుకొని నిలవడ్డడు. "తలుపు నువ్వు గట్టిగా పట్టుకున్నావు చెల్లెమ్మా, అందుకని వచ్చింది" అన్నడు. ఎక్కిరింపు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏమని తిట్టాలె, తలుపు పట్టింది నేనే గద.

మరాఠోళ్లు ఆయనకు పూలదండ ఏసి, కడెం గెల్సిన పిల్లను నిలవెట్టి ఫోటో తియ్యుమన్నరు. "నిలబడ్డోళ్లని మీ ఫోన్లలో తీసుకోండయ్యా" అని దండ ట్రాక్టర్ మూతికి తగిలిచ్చి ఎల్లిపోయిండు.

తెల్లారి మా ఇంటికి వచ్చిండు. నేను కుర్చీ ఎయ్యలే. బిడ్డ అయితే అర్రల నుంచి బయటికే రాలే. ఆయన ఓదార్చలే, తప్పయిందనలే, ఒప్పయిందనలే. కుస్తీ ఫోటోలన్ని కడిగిచ్చి తెచ్చిండు, మంచం మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చిండు. ముందుగాల పట్టు, తర్వాత గుంజుడు, తర్వాత ఎత్తుడు. రెప్పపాటుల అయిపోయిన కుస్తీ మంచం నిండ పండుకున్నది. పేర్చి, కుండల నీళ్లు ముంచుకొని తాగి, కడపల కూసున్నడు.

జెర్రసేపటికి నా బిడ్డ వచ్చింది. నిలవడి జూసింది. వంగి జూసింది. ఒక ఫోటో చేతుల వట్టుకొని, "మామా, దీని ముందటిది ఏది?" అన్నది. ఆయన ఏలు వెట్టి సూపెట్టిండు. అది ఒకటే మొత్తుకునుడు, "అమ్మా, నా మడిమె సూడే! ఎత్తక ముందుగాలనే లేస్తున్నది! గందుకే తిరుగుతున్న నేను!" నాకేం కనవడలే. "నీకు కుస్తీ గూడ తెల్సా అన్నా?" అని అడిగిన. "తెలియదమ్మా. ఏది కదులుతుందో చూడటం ఒక్కటే తెలుసు" అన్నడు. గప్పుడు చాయ్ వెట్టిన.

ఆ ఏడాది అంత నా బిడ్డ మడిమెతోనే లొల్లి. తాలీంల మడిమె, వాకిట్ల మడిమె, బట్టలు ఉతుకుతుంటే మడిమె. "ఒసేయ్, బట్టలు ఉతుకుతున్నవా, బట్టలతోని కుస్తీ పడ్తున్నవా?" అని తిడుతుంటి.

మల్ల జాతర వచ్చింది. ఫోటువాయన ట్రాలీ ఎక్కుతుంటే చెయ్యి ఇయ్యాల్సొచ్చింది, మోకాళ్లు మునుపటి లెక్క లేవు. "చెల్లెమ్మా, ఈసారి నువ్వు కిందే ఉండి చూడు, హాయిగా గోల చేసుకో" అన్నడు. "మరి తలుపు ఎవరు పడ్తరు?" అన్న. ఎక్కి కూసున్న. కదిలితే ఒట్టు అనుకున్న.

కడెం కుస్తీకి మల్ల గదే మరాఠీ పిల్ల! పట్టు పట్టిరి. చానసేపు. ఎవరూ లొంగుతలేరు. నా బిడ్డ రెండుసార్లు ఎత్తవోయి ఆగింది. ఎందుకు ఆగుతున్నదో నాకు ఎరికే, ఆయనకు ఎరికే, ఆ జాతరల ఇంకెవ్వరికి ఎరికలే. మడిమె! మడిమె! అని లోపట్ల లోపట్ల మొత్తుకుంటున్న. నోరు తెరుస్తలేను. మూడోసారి నా బిడ్డ కాలు భూమిల పాతినట్టు నిలవడ్డది. ఎత్తింది! ఎత్తి ఏసింది! టక టక టక. ఆ పిల్ల వీపు మొత్తం, రెండు భుజాలు, మట్టికి పరిసినట్టు, చిత్! మరాఠోళ్లే "చిత్!" అన్నరు. ఇంకేం ఉన్నది పంచాతి?

ఇగ నేను ఆగలే. తలుపు ఇడిసిన, దుంకిన, తలుపు ధడేల్మని పడ్డది, ట్రాలీ మొత్తం ఊగింది. బావ ఏడుస్తుండు, ఈలలు ఏస్తుండు, రెండూ ఒకటేపారి. బిడ్డ కడెం చేతికి ఎక్కిచ్చుకొని ఉరికొచ్చి నా మెడల పడ్డది, మట్టి మట్టి. ఆ కడెం ఇప్పుడు మా ఇంట్ల ఉన్నది. కొబ్బరి వాసన పోయింది.

తర్వాత ఫోటువాయన ఇంటికి ఒక్క ఫోటో తెచ్చిండు, పెద్దగ కడిగిచ్చి. చేతుల వెట్టిండు. సూస్తే ఏమున్నది? ఎర్రగ ఒక గీత, నల్లగ ఒక గీత, తడిబట్టతోని తుడిసినట్టు. నా బిడ్డ ఏదో, మట్టి ఏదో, ఆకాశం ఏదో తెల్వది. ఆయన చేతికెళ్లి అసొంటి ఫోటో నేను ఎన్నడు సూడలే.

"అన్నా, నేను దుంకిన. అంతసేపు ఓర్సుకొని ఆఖరుకు దుంకి నీ ఫోటో కరాబ్ చేసిన" అన్న.

ఆయన తల అడ్డం ఊపిండు. "నువ్వు దూకినప్పుడు తలుపు పడ్డది కదా. ఆ చప్పుడికి ముందే తీశాను దీన్ని. అప్పటికి నువ్వు రాయిలా కూర్చునే ఉన్నావు చెల్లెమ్మా."

నేను ఫోటో దిక్కు జూసిన. ఆయన చేతుల దిక్కు జూసిన. దొంగతనం చేసి దొరికినోని లెక్క, రెండు చేతులు ఎనుకకు వెట్టుకొని నవ్వుతుండు.